సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ ఎందుకు లేదు?

తొండూరు వాళ్లు రైలెక్కాలంటే ముద్దనూరుకో ఎర్రగుంట్లకో పోవాలి. రైలుకు ఇంకా గంట ఉంది, పోటీ పరీక్ష దరఖాస్తుకు ఈరోజే ఆఖరు అనుకుందాం. ల్యాప్‌టాప్ తెరిస్తే స్టేషను వైఫై పేరు కనిపిస్తుంది. నొక్కితే ‘కనెక్టెడ్’ అంటుంది. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి. వాటి కిందే చిన్న అక్షరాల్లో ‘నో ఇంటర్నెట్’ అని ఉంటుంది. పక్క బెంచీ మీది మనిషి ఫోనులో అదే వైఫై హాయిగా నడుస్తుంటుంది. మన ల్యాప్‌టాప్‌కు ఇంటి దగ్గర ఏ జబ్బూ లేదు.

2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ మొదలై, పదో తరగతి ముగించిన పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పటి నుంచి పులివెందుల చుట్టుపక్కల ఊళ్లలో ల్యాప్‌టాప్ వింత వస్తువు కాదు. అది మొండికేస్తే పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో రిపేరు షాపుకు తీసుకుపోతారు. షాపులో విండోస్ మళ్లీ వేస్తారు. చాలాసార్లు జబ్బు నయమవుతుంది కూడా. నయమైంది కాబట్టి విండోసే పాడైందని అందరూ అనుకుంటారు. కానీ ఇంట్లో పనిచేసే ల్యాప్‌టాప్ బయట పనిచేయనప్పుడు యాంటెన్నా మీద, వైఫై కార్డు మీద అనుమానం చాలావరకు వదిలేయొచ్చు. మిగిలే తేడా ఒక్కటే. ఇంటి వైఫై పాస్‌వర్డ్ అడుగుతుంది, పబ్లిక్ వైఫై ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న మన తెర మీదికి రావాలంటే నెట్‌వర్క్ ఒక అబద్ధం ఆడాలి. ఆ అబద్ధాన్ని ల్యాప్‌టాప్ నమ్మకపోవడమే ఈ జబ్బుకు అసలు కారణం. ఎంత జాగ్రత్తగా సెట్ చేసిన ల్యాప్‌టాప్ అయితే అంత ఎక్కువగా ఇక్కడ ఇరుక్కుంటుంది.

అబద్ధం దాకా వెళ్లేముందు రెండు మెట్లు ఎక్కాలి.

పేరు వినబడాలి

వైఫై ఇచ్చే పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. అది సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరును రేడియో తరంగాల మీద చాటుతూ ఉంటుంది. ఆ పేరు 32 బైట్లకు మించకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ గుణింతానికీ ఒత్తు చిహ్నానికీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన ‘తొండూరు’ 21 బైట్లు, ‘పులివెందుల’ 30, ‘జమ్మలమడుగు’ 30. ఈ మూడూ వైఫై పేర్లుగా పెట్టుకోవచ్చు. ‘ప్రొద్దుటూరు’ 36 బైట్లు కాబట్టి పట్టదు.

ఈ చాటింపు ఏ చానల్లో జరుగుతోందన్నది ముఖ్యం. పాత వైఫై పట్టీ 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా చానళ్లు వాడొచ్చు. అమెరికాలో 12, 13 చానళ్ల వాడకం దాదాపు లేదు. అక్కడి మార్కెట్ కోసం తయారైన కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ రెండు చానళ్లనూ పట్టించుకోవు. డల్లాస్ నుంచి అన్న తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఒక వైఫై పేరు అసలే కనిపించక, ఇక్కడ కొన్న ఫోనులో కనిపిస్తుంటే ఈ కారణాన్ని అనుమానించొచ్చు. అలాగే బాగా పాతబడ్డ ల్యాప్‌టాప్‌లకు 5 గిగాహెర్ట్జ్ పట్టీ అందదు. పేరే కనిపించకపోతే ముందుగా చూడాల్సినవి మాత్రం ఇంకా చిన్నవి: ఫ్లైట్ మోడ్ మీటకు పొరపాటున వేలు తగిలిందా, వైఫై ఆఫ్‌లో ఉందా అని.

అడ్రసు దొరకాలి

పేరు విని కలిశాక ల్యాప్‌టాప్‌కు ఒక ఐపీ అడ్రసు కావాలి. దానికోసం నాలుగు సందేశాలు నడుస్తాయి. ‘ఎవరైనా అడ్రసు ఇస్తారా?’ అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. ‘ఇదిగో, ఇది ఖాళీగా ఉంది’ అని నెట్‌వర్క్ చెబుతుంది. ‘సరే, అదే ఇవ్వు’ అని ల్యాప్‌టాప్ అంటుంది. ‘ఇచ్చాను, ఇంత సేపటి దాకా నీదే’ అని నెట్‌వర్క్ ముగిస్తుంది. ఈ ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ.

చిన్న నెట్‌వర్క్‌లో సాధారణంగా 254 అడ్రసులుంటాయి, అందులో ఒకటి రౌటరే తీసుకుంటుంది. ఇంట్లో నలుగురికి అవి జన్మకు తరగవు. బస్టాండులోనో స్టేషన్లోనో కథ వేరు. ఒక్కో అడ్రసును రోజంతటికీ రాసిచ్చేలా పెట్టి ఉంటే, పొద్దున్నే వచ్చి వెళ్లిపోయిన ప్రయాణికుల ఫోన్ల పేరు మీదే అవన్నీ ఉండిపోతాయి. మనుషులు రైలెక్కి రేణిగుంట దాటినా అడ్రసులు తిరిగి రావు. మధ్యాహ్నం వచ్చినవాడికి సిగ్నల్ ఉంటుంది గానీ అడ్రసు ఉండదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. వైఫై వివరాల్లో ఐపీ అడ్రసు 169.254తో మొదలైతే, అడిగినా ఎవరూ ఇవ్వక ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకున్న నంబరు అది. దానితో బయటికి దారి లేదు. ఒకసారి ఆ వైఫైని ‘ఫర్గెట్’ కొట్టి మళ్లీ కలిసి చూడాలి. అప్పటికీ అంతే అయితే తప్పు మనది కాదు. ఇంకో రకం కూడా ఉంది. కాలేజీ ల్యాబులోనో ఆఫీసులోనో ఎవరో ఐపీ అడ్రసును చేత్తో రాసి పెట్టి ఉంటారు. బయటి నెట్‌వర్క్‌లో ఆ నంబరు చెల్లదు. సెట్టింగ్స్‌లో దాన్ని ‘ఆటోమేటిక్’కు మార్చాలి.

మొదటి అబద్ధం

అడ్రసు దొరికాక కూడా పబ్లిక్ వైఫై మనల్ని బయటికి వదలదు. ముందు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ చూపించాలి. కానీ వైఫై పుట్టినప్పుడు దానికి అలా పేజీ చూపించే ఏర్పాటేదీ లేదు. అందుకని నెట్‌వర్క్ నడిపేవాళ్లు ఒక ఉపాయం పన్నారు. మనం ఏ వెబ్‌సైటు అడిగినా, ఆ వెబ్‌సైటే జవాబిస్తున్నట్టు నటిస్తూ తమ లాగిన్ పేజీని పంపిస్తారు.

జమ్మలమడుగులో ఉన్న మేనమామకు మనం కార్డు రాస్తే, అది ఊరు దాటకముందే ఒకడు చదివి, మేనమామ రాసినట్టుగానే ‘ముందు పోయి ఫలానా ఆఫీసులో సంతకం పెట్టి రా’ అని జవాబు పంపితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఒకప్పుడు వెబ్ అంతా కార్డు ముక్కల మీదే నడిచేది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. అందుకే ఈ ఉపాయం చాలాకాలం చక్కగా పారింది.

దాన్ని చెడగొట్టిన పరిస్థితి పబ్లిక్ వైఫై నుంచే వచ్చింది. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ‘ఫైర్‌షీప్’ అనే చిన్న పనిముట్టును విడుదల చేశాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు దాన్ని తగిలించుకొని పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుంటే, అదే వైఫైలో ఉన్న ఇతరుల ఫేస్‌బుక్ ఖాతాల్లోకి ఒక్క నొక్కుతో దూరొచ్చు. లోపం పాతదే, అందరికీ కనబడేలా చూపించడమే బట్లర్ ఉద్దేశం. ఆ తర్వాత పెద్ద వెబ్‌సైట్లు వరసగా హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. ఇందులో ఉత్తరం గుప్తంగా పోతుంది. జవాబిచ్చేది అసలు వెబ్‌సైటేనని రుజువు చేసే సర్టిఫికెట్ ముందుగా రావాలి. ‘నా దగ్గరికి ఎప్పుడూ గుప్తంగానే రండి’ అని వెబ్‌సైటు బ్రౌజర్‌కు ఆజ్ఞ ఇచ్చే పద్ధతి 2012లో ప్రమాణమైంది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ పాత రకం సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మన స్టేషను సంగతి చూడండి. బ్రౌజర్ తెరిచి గూగుల్ కొడతాం. నెట్‌వర్క్ మధ్యలో దూరి గూగుల్‌లా నటించబోతుంది. బ్రౌజర్ సర్టిఫికెట్ అడుగుతుంది. అది నెట్‌వర్క్ దగ్గర లేదు. బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది, లేదంటే తెల్లపేజీతో తిరుగుతూ కూర్చుంటుంది. లాగిన్ పేజీ రాదు. మనం వైఫై పాడైందనుకుంటాం. నిజానికి మోసగాణ్ని ఆపడానికి నేర్పిన విద్యనే బ్రౌజర్ ఇక్కడా ప్రయోగించింది. ఎదుటివాడు దొంగా, స్టేషను వైఫైయా అని దానికి తెలిసే మార్గం లేదు.

జవాబు తెలిసిన ప్రశ్న

ఈ చిక్కు విప్పడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒక తెలివైన పద్ధతి కనిపెట్టాయి. వైఫైకి కలవగానే విండోస్ మనకు తెలియకుండా మైక్రోసాఫ్ట్ వారి ఒక చిన్న పేజీని అడుగుతుంది. అందులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అనే మూడు మాటలు తప్ప ఇంకేమీ ఉండవు. యాపిల్ పరికరాలు ‘సక్సెస్’ అనే ఒక్క మాట కోసం చూస్తాయి. ఆండ్రాయిడ్ అయితే ‘చెప్పడానికి ఏమీ లేదు’ అనే అర్థమున్న 204 అనే సంకేతం కోసం చూస్తుంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలివి. వీటిని కావాలనే పాత పద్ధతిలో, గుప్తం చేయకుండా పంపిస్తారు. అనుకున్న జవాబే వస్తే నెట్ ఉన్నట్టు. వేరే ఏదైనా వస్తే మధ్యలో ఎవరో అబద్ధమాడుతున్నట్టు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమే లాగిన్ పేజీని తెర మీద పెడుతుంది.

ఈ పద్ధతి దెబ్బతినే సందర్భాలు కొన్నే ఉన్నాయి. మన జబ్బు చాలావరకు వీటిలోనే ఉంటుంది.

ఒకటి, డీఎన్ఎస్. వెబ్‌సైటు పేరును నంబరుగా మార్చి చెప్పే సర్వరది. కొన్ని పబ్లిక్ వైఫైలు ఈ మెట్టు దగ్గరే అబద్ధమాడతాయి, ఏ పేరు అడిగినా తమ లాగిన్ సర్వర్ నంబరే చెబుతాయి. ఇంట్లో నెట్ స్పీడు పెరుగుతుందని ఎవరో చెబితే మనం 8.8.8.8 అనో 1.1.1.1 అనో డీఎన్ఎస్ రాసి పెట్టుకొని ఉంటాం. ల్యాప్‌టాప్ స్టేషను సర్వర్ని అడగకుండా నేరుగా బయటి సర్వర్నే అడుగుతుంది. లాగిన్ కానివాడి ప్రశ్నను బయటికి వదలరు. జవాబు రాదు. దాన్ని ‘ఆటోమేటిక్’ చేస్తే లాగిన్ పేజీ వచ్చేస్తుంది.

రెండు, వీపీఎన్. సొరంగం తవ్వుకొని అందులోంచే మాట్లాడతానంటుంది అది. లాగిన్ కాకముందు సొరంగానికి అవతలి కొస అందదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వీపీఎన్ దానంతటదే మొదలై, అది కలిసేదాకా మిగతా నెట్‌ను ఆపేస్తుంది. లాగిన్ అయ్యేదాకా దాన్ని ఆపి, ఆ తర్వాత వెంటనే వేసుకోవాలి.

మూడు, ప్రాక్సీ. మనకూ నెట్‌కూ మధ్యవర్తిగా నిలిచే సర్వరది. చాలా హాస్టళ్లలో, కాలేజీల్లో నెట్ కావాలంటే ప్రాక్సీ అడ్రసు పెట్టుకోవాలి. సెలవులకు ఊరికి వచ్చిన ల్యాప్‌టాప్ ఇంకా ఆ కాలేజీ ప్రాక్సీ కోసమే వెతుకుతూ ఉంటుంది. ఇదైతే ఇంట్లో కూడా బాధపెడుతుంది కాబట్టి త్వరగా దొరికిపోతుంది.

నాలుగు, గడియారం. దీన్ని ఎవరూ అనుమానించరు. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి, పెద్ద బ్యాటరీ కూడా ఒట్టిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. సర్టిఫికెట్లకు గడువుంటుంది. 2020 సెప్టెంబరు నుంచి జారీ అయినవి 398 రోజులకు మించి చెల్లవు. తేదీ 2015 అని నమ్మే ల్యాప్‌టాప్‌కు నేటి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివే. నెట్ కలిస్తే గడియారం దానంతటదే సర్దుకుంటుంది, గడియారం సరిగ్గా ఉంటే గానీ లాగిన్ పేజీ తెరుచుకోదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. చేత్తో తేదీ దిద్దడమే మందు.

షాపులో విండోస్ మళ్లీ వేస్తే జబ్బు ఎందుకు కుదిరిందో ఇప్పుడు తెలుస్తుంది. కొత్త విండోస్‌లో చేత్తో రాసిన డీఎన్ఎస్, ఐపీ గానీ, వీపీఎన్, ప్రాక్సీ గానీ ఏవీ ఉండవు. నాలుగు గీతలు చెరపడానికి పలకనే పగలగొట్టారన్నమాట. దాంతోపాటు సర్టిఫికెట్ల స్కానింగ్ కాపీలు, ప్రాజెక్టు ఫైళ్లు కూడా పోతే ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

ఓటీపీ ఎందుకు అడుగుతారు?

చాలా దేశాల్లో కాఫీ హోటల్ వైఫై ‘ఒప్పుకుంటున్నాను’ అనే బొత్తాం నొక్కితే చాలు. మన దేశంలో ఫోన్ నంబరూ ఓటీపీ తప్పవు. దీని వెనక ఒక విషాదం ఉంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. అది నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఒక ఇంటి వైఫైలోంచి వెళ్లిందని, ఆ ఇంటివాళ్లకు దానితో సంబంధం లేదని తర్వాత తేలింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది: పబ్లిక్ వైఫై వాడేవారెవరో తెలియాలి, గుర్తింపు పత్రంతోనో ఫోనుకు పంపే ఓటీపీతోనో.

ఈ ఆదేశం మన ల్యాప్‌టాప్ కథలో రెండు కొత్త మెలికలు పెట్టింది. ఓటీపీ రావాలంటే ఫోనుకు సెల్ సిగ్నల్ ఉండాలి. సెలవులకు వచ్చిన ప్రవాసాంధ్రుల చేతిలో అమెరికా సిమ్ ఉంటే, పది అంకెల భారతీయ నంబరు మాత్రమే తీసుకునే పేజీల దగ్గర వాళ్ల పని ముందుకు సాగదు. రెండోది, లాగిన్ అయ్యింది మనమని మనం అనుకుంటాం. నెట్‌వర్క్ గుర్తుపెట్టుకునేది మాత్రం వైఫై కార్డు నంబరును. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. అందుకే ఫోనులో లాగిన్ అయితే ల్యాప్‌టాప్‌కు చెల్లదు, మళ్లీ చేయాలి. మనుషుల కదలికలను ఈ నంబరు ద్వారా వెంటాడుతున్నారని ఇటీవలి పరికరాలు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో దొంగ నంబరు చూపిస్తున్నాయి. విండోస్‌లో ‘ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్’ రోజూ మారేలా పెట్టుకుంటే ప్రతిరోజూ కొత్త మనిషిగానే లెక్క. ఈసారి అబద్ధమాడుతున్నది మన ల్యాప్‌టాప్, తికమకపడుతున్నది నెట్‌వర్క్.

ఏ మెట్టు దగ్గర ఆగింది?

వైద్యం సులువు, రోగం ఎక్కడుందో తేల్చుకోవడమే పని. పేరు కనిపించకపోతే రేడియో మెట్టు. పేరు కనిపించి అడ్రసు 169.254 అయితే డీహెచ్‌సీపీ మెట్టు. అడ్రసు సరిగ్గా ఉండి లాగిన్ పేజీ రాకపోతే అబద్ధం మెట్టు. పేజీ వచ్చి ఓటీపీ రాకపోతే అది ఫోను సంగతి, ల్యాప్‌టాప్‌ను వదిలేయండి. ఓటీపీ కొట్టాక కూడా మొదటికే వస్తుంటే మారుతున్న హార్డ్‌వేర్ అడ్రసును ఆపి చూడండి.

ఎక్కువమంది ఆగేది మూడో మెట్టు దగ్గరే కాబట్టి అక్కడికి పనికొచ్చే చిట్కా ఒకటుంది. వీపీఎన్ ఆపి, బ్రౌజర్‌లో గుప్త రక్షణ కావాలనే పెట్టుకోని సైటును అడగాలి. ‘నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్’ ఈ పనికోసమే ఉంది. సర్టిఫికెట్ అడగని ఉత్తరం కాబట్టి నెట్‌వర్క్ దాన్ని హాయిగా మార్చి తన లాగిన్ పేజీ పంపుతుంది. అదీ కుదరకపోతే వైఫై వివరాల్లో ‘గేట్‌వే’ అని ఉన్న నంబరును అడ్రసు పట్టీలో కొట్టి చూడొచ్చు.

చేయకూడని పని కూడా ఇక్కడే ఉంది. బ్యాంకు పేజీ మీద సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ‘ఏమైనా సరే ముందుకు పో’ అని నొక్కకూడదు. పాస్‌వర్డ్ లేని వైఫైకి స్టేషను పేరే పెట్టి ఎవడైనా తన ఫోను హాట్‌స్పాట్‌ను చాటొచ్చు. అసలు దానికీ నకిలీకీ పేరులో తేడా ఉండదు. లాగిన్ పేజీ ఫోన్ నంబరు, ఓటీపీ అడిగితే సహజం. యూపీఐ పిన్, కార్డు వెనకాల మూడంకెలు, ఆధార్ ఓటీపీ ఉచిత వైఫై కోసం అడిగితే అక్కడే ల్యాప్‌టాప్ మూసేయాలి.

నిజం చెప్పే వైఫై

రైల్వే టెలికాం సంస్థ రైల్‌టెల్, గూగుల్ కలిసి మన స్టేషన్లలో ఇచ్చిన ఉచిత వైఫై 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి మొబైల్ డేటాను కారుచౌక చేసింది. 2020లో గూగుల్ తప్పుకుంటూ చెప్పిన కారణాల్లో డేటా చౌక కావడం ఒకటి. రైల్‌టెల్ ఆగలేదు. 2021 మే నాటికి ఆరు వేల స్టేషన్లకు చేరింది. రోజుకు అరగంట ఉచితం, ఆపై డబ్బు కట్టాలి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకానికి ఆమోదం తెలిపింది. ఒకప్పుడు కిళ్లీకొట్టు పక్కన ఎస్టీడీ బూత్ పెట్టుకున్నట్టే, ఇప్పుడు టీకొట్టువాడు లైసెన్సు లేకుండానే వైఫై అమ్ముకోవచ్చు. ఫోనులో యాప్ ద్వారా ఒకసారి నమోదైతే ఏ కొట్టు దగ్గరైనా చెల్లాలన్నది ఆలోచన. కానీ అది ప్రధానంగా ఫోన్ యాప్‌ను దృష్టిలో పెట్టుకొని రూపొందింది. ల్యాప్‌టాప్ ఇక్కడా రెండో వరసలోనే ఉంది.

అబద్ధం అవసరమే లేకుండా చేసే మార్గం కూడా వచ్చింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లు 2020 సెప్టెంబరులో ఒక పద్ధతిని ఖరారు చేశారు. అడ్రసు ఇచ్చేటప్పుడే ‘మా లాగిన్ పేజీ ఇక్కడుంది, ముందు అక్కడికి వెళ్లండి’ అని నెట్‌వర్క్ నేరుగా చెబుతుంది. ఎవరి ఉత్తరాన్నీ చించనక్కర్లేదు, ఎవరిలానూ నటించనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లకు ఈ భాష తెలుసు. నెట్‌వర్క్ నడిపేవాళ్లు తమ సర్వర్లలో ఆ ఏర్పాటు చేర్చాలి. చాలాచోట్ల అది చేర్చలేదు.

కాబట్టి దరఖాస్తు ఆఖరి రోజున ల్యాప్‌టాప్‌ను తిట్టుకోకండి. వీపీఎన్ ఆపండి, డీఎన్ఎస్ ఆటోమేటిక్ చేయండి, తేదీ చూసుకోండి, గుప్తం కాని సైటు ఒకటి అడగండి, పని మొదలుపెట్టేముందు వీపీఎన్ మళ్లీ వేసుకోండి. అయిదు నిమిషాల్లో కాకపోతే ఫోను హాట్‌స్పాట్ పెట్టుకొని దరఖాస్తు పంపేయండి. ఆ తర్వాత తీరికుంటే వైఫై నడిపేవాళ్లకు ఫిర్యాదు రాయండి. ‘నెట్ రావడం లేదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘169.254 వస్తోంది’ అనో, ‘లాగిన్ పేజీ చిరునామాను మీ డీహెచ్‌సీపీ చెప్పడం లేదు’ అనో రాస్తే, ఏ సర్వర్లో ఏ వరస దిద్దాలో వాళ్లకు తెలుస్తుంది.